బురుజు కింద గొంగడి

నేను ఒక గొంగడిని. నల్ల గొర్రెల ఒంటిమీది బొచ్చు నా పుట్టిల్లు. నా పుట్టుక మెత్తగా జరగలేదు. గొర్రెల కాపరి ఓదేలు ఒక గొర్రె కాళ్లు కట్టి పడేసి కత్తెర ఆడిస్తుంటే అది గిలగిల కొట్టుకుంది. ఆ బొచ్చును వింటినారితో దబదబా కొట్టి ఏకారు. వడికారు, నేశారు, చింతగింజల గంజి పట్టించి రాతిమీద రుద్దారు. ఇంత చేసి, చివరికి నన్ను భుజాన వేసుకుని “ఎంత మెత్తగున్నదో!” అని మురిసిపోయాడు ఓదేలు. మనుషుల సంగతి నాకు ఆ రోజే కొంత తెలిసింది.

నా మూడో ఏట మందమీద తోడేలు పడింది. ఓదేలు నన్ను ఎడమచేతికి చుట్టుకుని, ఆ చేతినే దాని నోటికి అందించాడు. అది కరిచి పట్టుకుంది. అతను కుడిచేతి కర్రతో దాని తల పగిలేదాకా కొట్టాడు. దాని కోరలు నన్ను చీల్చుకుని అతని కండలో దిగాయి. ఇద్దరి నెత్తురూ నాలోనే ఎండింది.

మోకాళ్లు పట్టేశాక ఓదేలు గొర్రెలను అమ్మేశాడు. కొడుకు సాయిలు ఆటో తోలుతాడు. నేను కోడలు స్వరూప చేతికి వచ్చాను. ఆమె ఇద్దరు పిల్లలనూ నామీదే పడుకోబెట్టి పెంచింది. ఏడేళ్ల లాస్యకు, నాలుగేళ్ల బిట్టుకు నేనే పరుపు, నేనే దుప్పటి.

మాఘమాసంలో ఒక ఆదివారం సాయిలు అందరినీ ఆటోలో ఎక్కించుకుని గుట్టమీది పాత కోటకు తీసుకుపోయాడు. కూర్చోవడానికి నన్ను మడిచి వెంట తెచ్చారు. ఓదేలు గోడల్లోని రంధ్రాలు చూపిస్తూ, శత్రువులమీద మరిగే నూనె ఇక్కడినుంచే పోసేవారని చెప్పాడు.

“ఎంతమంది సచ్చిండ్రు తాతా?” అని లాస్య కళ్లు పెద్దవి చేసింది.

“లెక్కనే లేదు బిడ్డా.”

బిట్టు సంబరంతో చప్పట్లు కొట్టాడు. ఒకప్పుడు మనుషులు మనుషులను చంపుకున్న చోటికి సెలవురోజున పిల్లలను తెచ్చి చూపించడం నాకు వింతగానే తోచింది.

మధ్యాహ్నం బురుజు నీడలో నన్ను పరిచి, బగారన్నం గిన్నె విప్పారు. నీళ్ల క్యాన్ మరిచిపోయామని సాయిలు కిందికి, ఆటో దగ్గరికి పోయాడు. బురుజు పైఅంచుకు నాలుగు పెద్ద తేనెతుట్టెలు వేలాడుతున్నాయి. కాస్త దూరంలో ముగ్గురు కుర్రాళ్లు ఫోన్లో వీడియో తీసుకుంటున్నారు. ఎర్రచొక్కా కుర్రాడు రాయి చేతికి తీసుకోవడం ఓదేలు చూశాడు.

“ఓ పిలగా, కొట్టకురా! మా పోరగాండ్లున్నరు ఈడ!”

రాయి అప్పటికే చెయ్యి దాటింది.

తుట్టె సగం విరిగి నేలమీద పడింది. మరుక్షణం గాలి మొత్తం ఒక్కసారి బుసకొట్టినట్టయింది. కుర్రాళ్లు అరుస్తూ తలోదిక్కు పరుగెత్తారు. బిట్టు చెంపమీద మొదటి ముల్లు దిగింది. స్వరూప గిన్నెలు తన్నేసి నన్ను ఒక్క గుంజు గుంజింది. పిల్లలిద్దరినీ మామ ఒడిలోకి తోసి, ముగ్గురిమీదా నన్ను కప్పింది. అంచులు లేవకుండా చుట్టూ రాళ్లు పెట్టింది. ఒకవైపు రాయి దొరకలేదు. అక్కడ తనే కూర్చుంది, కొంగు మొహానికి చుట్టుకుని.

తేనెటీగలు నామీద వానలా పడ్డాయి. నా బొచ్చులో కాళ్లు చిక్కుకుని, కుట్టి కుట్టి అక్కడే చచ్చాయి. నా మందం దాటి లోపలికి ఒక్కటీ రాలేదు. కానీ స్వరూప రవిక మందమెంత! ఆమె వీపుమీద, మెడమీద, చేతులమీద అవి ముద్దలు ముద్దలుగా వాలాయి. ప్రతి కాటుకూ ఆమె ఒళ్లు అదరడం ఆమె కింద ఉన్న నా అంచుకు తెలుస్తూనే ఉంది.

“లోపటికి రా బిడ్డా, జల్ది రా!” ఓదేలు అంచు ఎత్తబోయాడు.

“ఎత్తకు మామా! నీకు దండం పెడుత! సందు దొరికితె పిల్లలను సంపుతయి!”

బిట్టు “అమ్మా” అంటూ నన్ను పిడికిళ్లతో గుద్దాడు, కొరికాడు. ఓదేలు వాణ్ని రొమ్ముకేసి అదిమి పట్టుకుని ఏడ్చాడు. తోడేలు నోటికి చెయ్యి అందించిన మనిషి ఏడవడం నేను మొదటిసారి విన్నాను. కాసేపటికి స్వరూప మూలుగు ఆగిపోయింది. బరువు మాత్రం నామీదనుంచి కదల్లేదు.

అరుపులు విన్న సాయిలు ఎండుగడ్డి కట్టకు నిప్పంటించి పొగలోంచి పరుగెత్తుకొచ్చాడు. చేతులు కాలుతున్నా విసురుతూనే ఉన్నాడు. పొగకు ఈగలు చెదిరాక భార్యను ఎత్తుకుని ఆటోకేసి ఉరికాడు. నన్ను దులిపి పిల్లలకు చుట్టి ఓదేలు వెనకాలే నడిచాడు.

ఆస్పత్రిలో స్వరూప ఒంటినుంచి రెండువందలకు పైగా ముళ్లు తీశారు. చీకటి పడేవేళకు డాక్టరమ్మ “గండం గడిచింది” అంది. సాయిలు భార్య మంచం పక్కన కూర్చున్నాడు. అప్పుడే పక్క మంచంమీద, రాయి కొట్టినవాడిదని తండ్రి దారిలో చెప్పిన ఎర్రచొక్కా అతని కంటపడింది. మొహం గుమ్మడికాయలా ఉబ్బిన ఆ కుర్రాడు చలిజ్వరంతో వణుకుతున్నాడు. సాయిలు వాడి గల్లా పట్టి లేపి చెంప పగలగొట్టాడు. నర్సు అరిచింది. ఓదేలు వచ్చి కొడుకు చెయ్యి విడిపించి, నన్ను కుర్రాడిమీద కప్పాడు. సాయిలు నన్ను లాగి పారేశాడు. ఓదేలు తీసి మళ్లీ కప్పాడు.

“నా పెండ్లాన్ని సంపబోయిండు నాయినా!”

కళ్లు తెరవలేని స్వరూప పెదవులు కదిలాయి. “ఎవల పిల్లగాడో... కప్పనియ్యి.”

సాయిలు మళ్లీ కూర్చుని, కాలిన చేతులు ఒళ్లో పెట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. కుర్రాడి వణుకు నా పోగుపోగుకూ పాకింది. లాస్య మెల్లగా వచ్చి మంచం పక్కన నిలబడింది.

“నువ్వే గదా రాయి కొట్టింది?”

వాడు తల ఊపాడు. నా కిందినుంచి బయటపడిన వాడి పాదాన్ని లాస్య నా అంచుతో కప్పి, తల్లి దగ్గరికి పరుగెత్తింది.