ఆలస్యంగా అతుక్కునేవి

పదిహేడో గుడ్డును దీపం ముందు పట్టుకుని ఎతెల్కా కాసేపు అలాగే ఉండిపోయింది. ఆ చీకటి కొట్టులో చిన్న దీపం తప్ప మరో వెలుగు లేదు. పెంకు లోపల నారింజ రంగు పొద్దు. ఆ పొద్దులో ఎర్రని నరాల అల్లిక. అల్లిక నడుమ ఆవగింజంత చుక్క. చుక్క కదులుతోంది. ఎనిమిది రోజుల పిండం అది. తానింకా కోడిపిల్ల కానని దానికి తెలియదు, కాని గుండె మాత్రం తన పని మొదలుపెట్టేసింది. ఎతెల్కా పెంకు మీద పెన్సిలుతో గీత గీసి, బొటనవేలితో ఒక్కసారి నిమిరి, గుడ్డును తట్టలో పెట్టింది. అలా నిమరమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎందుకని ఎవరూ అడగనూ లేదు.

అరవై నాలుగేళ్ల మనిషి. పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉంటుంది. నెరిసిన జుట్టును తెల్లని టోపీలోకి దోపుకుని, కాళ్లకు నీలం ఉన్ని చెప్పులు వేసుకుంటుంది. కుడి బొటనవేలి కొస మీద చర్మం గాజులా నున్నబడి, గీతలన్నీ చెరిగిపోయాయి. కణాలను పీల్చే గాజు గొట్టాల మూతులను మంటలో తిప్పి గుండ్రం చేయడంలో ముప్ఫై తొమ్మిదేళ్లు పోయిన గీతలవి. మూతి పదునుగా ఉంటే కణం చీలిపోతుంది. మరీ ఇరుకైతే నలిగిపోతుంది. ఎంత ఉండాలో ఆ వేలికి తెలుసు.

ఈ రోజుతో ఈ ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం ముగుస్తుంది. బాయా ఊళ్లో అక్క తుంటి విరిగి మంచం మీద ఉంది. పక్కింటావిడ ఈ రాత్రి వరకే చూసుకుంటానంది. అయిదింటికి రైలు.

ఆమె తట్ట పట్టుకుని వెలుతురులోకి వచ్చేసరికి ఎమెషె అప్పటికే చేతులు కడుక్కుని నిలబడి ఉంది. ఇరవై ఏడేళ్ల పిల్ల. సన్నగా ఉంటుంది, కళ్ల కింద నల్లని చారలు. రెండేళ్లు పేచ్ నగరంలో చర్మ కణాలు పెంచి, మూడు వారాల క్రితం ఎతెల్కా స్థానంలోకి ఈ గదికి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఎతెల్కా మిగిలిన సెలవులు వాడుకుని అక్క దగ్గరికి వెళ్లవలసివచ్చింది. నోటు పుస్తకాన్ని పిల్ల చేతికిచ్చి, అన్నీ ఇందులో ఉన్నాయి అని చెప్పి వెళ్లింది. నిన్ననే తిరిగి వచ్చింది.

"ఎన్ని మంచివి, పిన్నీ?"

"పదిహేడు. నీకు పది చాలు. మిగతావి నీ భయానికి."

"నాకేం భయం లేదు."

"మరి ఆ చేతులు పొద్దుటినుంచి ఎన్నిసార్లు కడిగావు?"

ఎమెషె నవ్వబోయి మానుకుంది. "నాలుగుసార్లు చేశాను పిన్నీ. పుస్తకంలో రాసినట్టే చేశాను, అక్షరం తప్పలేదు. కణాలు బంగారంలా పెరుగుతున్నాయి. కొట్టుకోవు, అంతే."

వాళ్లిద్దరి మధ్య గోడ వెంట వేడినీటి గొట్టం పైఅంతస్తుకు పోతోంది. దాని పక్కన మేకుకు ఒక టీ చెంచా వేలాడుతోంది. ఈ గదిలో ఎవరూ కేకలు పెట్టరు. కేకకు కణాలు జడుసుకుంటాయని ప్రొఫెసర్ లెంద్వయ్ ఎప్పుడో కుర్రతనంలో అన్న మాటను ఎవరూ నమ్మకపోయినా అందరూ పాటించారు. అందుకే, కణాలు పెంచే గాజు పళ్లెంలో మొదటి కణం కొట్టుకోవడం కంటబడగానే, చూసినవాళ్లు ఆ చెంచాతో గొట్టం మీద అదే లయలో తడతారు. పై గదిలో ఆయన కలం ఆపి లెక్కపెట్టుకుంటారు. చెంచా ఎతెల్కాది, పెళ్లికి వచ్చిన ఆరింటిలో ఒకటి. మూడు వారాలుగా గొట్టం మూగదై ఉంది.

"ఇవాళ నా చేతులు జేబుల్లోనే ఉంటాయి" అంది ఎతెల్కా. "ప్రొఫెసర్ గారి ఆజ్ఞ. నువ్వు చెయ్యి, నేను చూస్తాను."

ఎమెషె పెంకులు కత్తిరించింది. గుండెలను ఒక్కొక్కటిగా పట్టకారుతో తీసి ఉప్పునీటిలో వేసింది. మెంతి గింజంత ఒక్కొక్కటి. ఒంటి నుంచి వేరుపడ్డా అవి కాసేపు ముడుచుకుంటూ, విచ్చుకుంటూనే ఉన్నాయి. ఎతెల్కా వాటిని చూసిన ప్రతిసారీ ఒకే ఆలోచన వస్తుంది. కాలి కండ ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంది, నరం చెబితేగాని కదలదు. గుండె ఎవరినీ అడగదు. తాను ఏ కోవకు చెందుతుందో ఆమెకు ఇంతవరకూ తేలలేదు.

ఆ రెండింటి గురించే లెంద్వయ్ గారి పని అంతా. రెండు గుండె కణాల గుంపుల మధ్య ఒక వరుస కాలి కండ కణాలను పెంచితే, ఇటు కొట్టుకునే లయ అటు చేరుతుందా? చేరితే, దెబ్బతిని మచ్చకట్టిన గుండెకు మనిషి తొడ కండతోనే మాసిక వేయవచ్చు. చేరదని పందొమ్మిదేళ్లుగా ఆ పళ్లేలు చెబుతూ వచ్చాయి. రెండేళ్ల క్రితం ఒక మందు కలిపాక మూడు పళ్లేలలో చేరింది. మూడు చాలవు. ముప్ఫై కావాలి. ముప్ఫై చేయాలంటే కొట్టుకునే కణాలు కావాలి.

ఎమెషె గుండెలను ముక్కలు చేసి, కణాలను విడదీసే ఎంజైములో నానబెట్టి, ఎతెల్కా చేసిన గాజు గొట్టంతో మెల్లగా పీల్చి వదిలింది. చేయి తొణకలేదు. నీరు పాలలా మారింది. దానిని పళ్లెంలో పోసి, ఇంక్యుబేటర్‌లో పెట్టి, తలుపు వేసి, గడియారం చూసింది. గంటసేపు ఆగాలి. ఎతెల్కాకు అప్పటిదాకా ఎక్కడా తప్పు కనిపించలేదు. అదే ఆమెను కలవరపెట్టింది.

ఆ గంటలో లెంద్వయ్ కర్ర ఊతంతో మెట్లు దిగి వచ్చారు. చంకలో కాగితం పొట్లం, అందులో జున్ను వేసి కాల్చిన పొగాచ రొట్టెలు.

"ఎతెల్కా గారూ, చేతులెక్కడ?"

"జేబుల్లోనే ఉన్నాయండీ. కావాలంటే తడిమి చూసుకోండి."

"ముప్ఫై తొమ్మిదేళ్లలో మీరిలా ఖాళీగా నిలబడటం ఇదే చూడ్డం. ఫొటో తీయించాలి."

"ముప్ఫై తొమ్మిదేళ్లలో మీరు ఏదైనా పట్టుకొచ్చి పెట్టడమూ ఇదే చూడ్డం."

ఆయన నవ్వారు. ఇన్నేళ్లలో ఒకరినొకరు నువ్వు అనుకోలేదు. ఆమె భర్త వెండెల్ ట్రాం నడిపేవాడు. అతడు పోయిన నాడు లెంద్వయ్ ఆమె ఇంటికి వచ్చి, వంటింట్లో స్టూలు మీద గంటసేపు కూర్చుని వెళ్లారు. మర్నాడు ఆమె పనికి వచ్చింది. గుడ్లు ఎనిమిదో రోజున ఉన్నాయి మరి, ఆగవు.

రొట్టె తుంచుతూ ఆయన గొంతు తగ్గించి, "ఆ అమ్మాయి వల్ల కాకపోతే గది తిరిగి ఇచ్చేస్తాను. పై అధికారులకు అలాగే మాటిచ్చాను. సోమవారం వరకే" అన్నారు.

"వల్లవుతుంది."

"ఎలా చెప్పగలరు?"

"చేయి బావుందండీ. నా చేతికంటే తేలిక."

ఆయన పైకి వెళ్లిపోయారు. కర్ర చప్పుడు మెట్టు మెట్టుకూ మెత్తబడింది. కిటికీ బయట తిస నది మీది పొగమంచు ఇంకా విడలేదు. ఇంక్యుబేటర్ సన్నగా గుర్రు పెడుతోంది. ఎతెల్కాకు కూర్చున్నచోటే కునుకులాంటిది పట్టింది. తాను పెంచిన కణాలన్నీ ఎక్కడో ఒకే పెద్ద పళ్లెంలో ఉన్నట్టు, వేటికవే కొట్టుకుంటూ, పక్కదాన్ని తాకగానే తమ లయను కొంచెం వదులుకుని దాని లయలో కొంచెం కలుస్తున్నట్టు, చివరికి పళ్లెమంతా ఒక్కటై ముడుచుకుని విచ్చుకుంటున్నట్టు అనిపించింది. వదులుకున్నదెవరో, కలుపుకున్నదెవరో అక్కడ చెప్పలేరు.

గంట అయింది. ఎమెషె పళ్లెం తెచ్చి మైక్రోస్కోపు కింద చూసింది.

"భలే అతుక్కున్నాయి పిన్నీ, అడుగంతా" అంటూ పళ్లేన్ని పక్కకు వంచి, పైన తేలుతున్న మబ్బునీటిని పారబోసే గిన్నె మీదికి తీసుకుపోయింది.

ఎతెల్కా కుడిచేయి జేబులోంచి బయటికి వచ్చి ఆమె మణికట్టును పట్టుకుంది.

"ఆగు. ఏం చేస్తున్నావు?"

"తేలేవి పారబోస్తున్నాను. చచ్చినవి కదా."

"ఎవరు చెప్పారు చచ్చినవని?"

"చర్మ కణాల్లో అంతే కదా పిన్నీ. అతుక్కున్నవి మనవి, తేలేవి చెత్త."

ఎతెల్కా రెండో చేత్తో పళ్లేన్ని మళ్లీ సమం చేసింది. పట్టుకున్న మణికట్టులో నాడి వేగంగా కొట్టుకోవడం ఆమె వేళ్లకు తెలుస్తోంది.

"అమ్మాయ్, గుండెలో రెండు రకాలుంటాయి. కొట్టుకునేవి, వాటిని కట్టి ఉంచేవి. కట్టి ఉంచేవాటికి తొందరెక్కువ. గాజు కనబడితే చాలు, అతుక్కుపోతాయి. కొట్టుకునేవి అలా కాదు, వాటికి టైం పడుతుంది. తేలుతున్నవే గుండె. వాటిని తీసి కొత్త పళ్లెంలో వెయ్యాలి. ఈ పళ్లేన్ని పారెయ్యాలి."

ఎమెషె పారబోసే గిన్నె వంక చూసింది. "నాలుగుసార్లూ నేను..."

"నాలుగుసార్లూ గుండె పారబోశావు."

"పుస్తకంలో లేదు కదా పిన్నీ."

ఎతెల్కా పుస్తకం తెరిచింది. ఆ పేజీ మీద తన గుండ్రని దస్తూరి: గంట ఆగాలి. తర్వాత కణాలను తీసుకుని కొత్త పళ్లెంలో వేయాలి. అంతే. ఏ కణాలో రాయలేదు. ముప్ఫై తొమ్మిదేళ్లలో ఒక్కసారీ రాయాలని తోచలేదు. బాగా తెలిసినదాన్ని మనిషి తెలిసినట్టుగా కూడా గుర్తించడు కాబోలు. ఊపిరి పీల్చానని ఎవరూ డైరీలో రాసుకోరు. ఆమెకు సిగ్గేసింది. మూడు వారాలు ఈ పిల్ల తన చేతినే అనుమానించుకుంటూ ఇంటికి పోయింది.

"నీ తప్పు కాదు, నాది" అంది. "ఊఁ, తియ్యి. మెల్లగా. అంచు నుంచి."

ఆమె చేయి మళ్లీ జేబులోకి పోయింది. ఎమెషె మబ్బునీటిని గొట్టంలోకి తీసి కొత్త పళ్లెంలో జారవిడిచింది. ఒక్క బుడగ లేవలేదు. మూత మీద తేదీ రాసి ఇంక్యుబేటర్‌లో పెట్టింది.

"ఎప్పటికి కొట్టుకుంటాయి?"

"రేపు పొద్దున. లేదా పొద్దెక్కాక. అవి చెప్పినప్పుడు."

"మీరు చూడరుగా."

"నేను చాలా చూశాను."

ఆ మాట నిజమే అయినా చాలినంత నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

మూడున్నరకు ఎతెల్కా పెన్సిలు చెక్కుకుని, ఆ పేజీలో రెండు వరుసల నడుమ ఒక వాక్యం ఇరికించి రాసింది: తేలుతున్నవాటిని తీసుకోవాలి, అవే గుండె. టోపీ తీసి మడిచింది. ఉన్ని చెప్పులను కాగితంలో చుట్టింది. కొత్తగా చేసిన గాజు గొట్టాలు నలభై, మూతి వెడల్పును బట్టి మూడు డబ్బాల్లో సర్దింది. చెంచాను మేకు నుంచి తీసి సంచిలో వేసుకుంది. ఇంట్లో మిగిలినవి అయిదు. తలుపు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చి, సంచి తెరిచి, చెంచాను ఎప్పటిలా పిడి పైకి ఉండేట్టు మేకుకు తగిలించింది.

మెట్ల మీద లెంద్వయ్ నిలబడి ఉన్నారు. కర్రను ఎడమచేతికి మార్చుకుని, కుడిచేయి చాపారు. ఆమె పట్టుకుంది. ఆ చేయి చల్లగా, తేలికగా ఉంది.

"రేపు పొద్దున కలం ఆపి వినండి" అంది.

"వింటాను, ఎతెల్కా."

గారు అనలేదు. అది ఆమె ట్రాం ఎక్కాక గమనించింది.

రైలు బాయా దారిలో పొలాలను పొగమంచులోనే దాటింది. ఎదుటి సీటులో ఎవరూ లేరు. ఎతెల్కా గీతల్లేని బొటనవేలిని తప్పించి, రెండు వేళ్లు తన మణికట్టు మీద పెట్టుకుంది. కొన్ని వేల పళ్లేలలో లెక్కపెట్టిన మనిషి, తనది ఎన్నడూ లెక్కపెట్టుకోలేదు. మొదలుపెట్టింది. నలభై దాటాక లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు, వేళ్లు అక్కడే ఉంచి, కళ్లు మూసుకుంది.

మర్నాడు పది గంటల పదిహేను నిమిషాలకు పై గదిలో ఒక కలం ఆగింది. కింద, గోడ పక్కన మేకుకు, నలభై ఏళ్ల నాటి టీ చెంచా, కొట్టిన చేయి వదిలేశాక కూడా, కాసేపు అటూ ఇటూ ఊగుతూ ఉంది.