నల్లజీడి ఇంటి నేస్తం

మా ఊళ్లో బలం మందు ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఎందుకంటే అరకు సంతలో సీసాల్లో అమ్మే నల్లటి లేహ్యం చూసి, "నువ్వు చెప్పే మందు ఇదేనా?" అని మా పిల్లలు అడుగుతుంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరో ఒక్కడు, ఒక్క గదిలో కూర్చుని వండి మూత బిగించింది బలం మందు ఎలా అవుతుంది?

గాలికొండ కింద మా ఊరు ఆ రోజుల్లో గుప్పెడు ఇళ్లు. రైలు లేదు, బస్సు లేదు. దొరల రోడ్డే అప్పుడప్పుడే కొండ చుట్టూ తిరుగుతూ పైకి వస్తోంది. మందులో పడే దినుసుల్లో ఒక్కో ఇంటికి ఒక్కోటి. పిల్లిపీచర గడ్డలు మా అత్తగారింటివి. నేలతాడి దుంపలు మంగ్లు మామ వాళ్లవి. తిప్పతీగ ఒకరిది, కొండ ఉసిరి మరొకరిది, తేనె పట్టేది ఇంకొకరు. ఎవరి దినుసు వాళ్లే తేవాలి, వాళ్లే శుద్ధి చెయ్యాలి. గడ్డ తవ్వితే తల్లిగడ్డను మట్టిలోనే ఉంచి రావాలి. మందు కావలసిన ఇంటి పెద్ద ఆడమనిషి ఖాళీ బుట్ట పట్టుకుని గడపగడపకూ వెళ్లి అడగాలి. అడిగితే లేదనకూడదు. అడగకుండా ఇవ్వనూ కూడదు. అడగని మందు ఒంటికి పట్టదని మా వాళ్ల నమ్మకం.

అన్నిటిలోకీ పెంకిది నల్లజీడి. మైదానంలో చాకళ్లు బట్టల మీద గుర్తులు పెట్టే గింజ అదే. పచ్చి రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. శుద్ధి చేస్తే మాత్రం పడిపోయిన మనిషిని లేపి నిలబెడుతుంది. దేనిలో నానబెడతారో, దేనితో తోముతారో, ఎప్పుడు చాలంటారో, అదంతా రత్నాలు ఇంటి ఆడవాళ్లకే తెలుసు.

రత్నాలు మా అత్త తవిటమ్మకు నేస్తం. ఉత్త స్నేహం అనుకునేరు, కాదు. చిన్నతనంలో ఒకే అడ్డాకులో తిని, ఒకరి తలలో ఒకరు వలిసెపూలు పెట్టుకుని, ఊరికి ముహూర్తాలు చెప్పే దిసారి ఎదుట నేస్తం కట్టుకున్నవాళ్లు. అలా కట్టుకున్నాక ఇక చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే నేస్తం తెగినట్టే. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త గట్టు మీద నిలబడి "నేస్తమో!" అని కేకేస్తే, గెడ్డ, అంటే మా కొండవాగు, అవతల నుంచి "ఓ నేస్తమో!" అని జవాబొచ్చేది. పొద్దున్నుంచీ నన్ను తిట్టిన గొంతూ ఇదీ ఒకటేనంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు.

ఆ నేస్తం ఒక జీలుగు చెట్టు దగ్గర తెగింది. చెట్టు నాటింది చనిపోయిన మా మామ. అది ఎదిగింది రత్నాలు వాళ్ల గట్టు మీద. చైత్రమాసపు ఇటుకల పండగకు ముందు రత్నాలు మొగుడు యర్రయ్య దానికి కల్లుకుండ కట్టాడు. మా అత్త కల్లు ముట్టుకుంటే ఒట్టు. అయినా మా మామ చేత్తో నాటిన చెట్టు కదా, ఒక్క మాట అడగలేదని ఆవిడకు మండింది. పండగ రోజున ఊరంతా చూస్తుండగా వెళ్లి నిలబడి, "ఒసే రత్నాలూ! నీ మొగుడికి అడగడం తెల్దేటే?" అంది.

డప్పు ఆగిపోయింది. పాపం, మా అత్త కూడా తన మాట తానే విన్నట్టు బిత్తరపోయింది. రత్నాలు చేతిలో ఆకు కింద పెట్టి, లేచి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఇద్దరూ నీళ్లకు వేరు వేరు దారుల్లో వెళ్లడం మొదలుపెట్టారు. ఆవిడ పేరు రత్నాలని నాకు తెలిసిందే ఆ రోజున.

ఆ ఏడాది పుష్యమాసపు చలిలో నాకు ఆడపిల్ల పుట్టింది. నా మొగుడు బుధును దొరల తరఫున పెత్తనం చేసే ముఠాదారు మనుషులు రోడ్డు పనికి తీసుకుపోయారు. ఇంట్లో నేనూ, అత్తా. కాన్పయ్యాక జ్వరం పట్టుకుంది. లేచి కూర్చుంటే కళ్లు తిరిగేవి. పాలు పడలేదు. మైదానం వాళ్లయితే ఆవుపాలు పట్టేవారు. మాకు ఆవుపాలు దూడ సొత్తు, పితికే అలవాటే లేదు. మంగ్లు మామ కోడలు తన పిల్లవాడికి ఇచ్చాక మిగిలితే నా పిల్లకు ఇచ్చేది. మొదట్లో ఊరంతా వినబడేలా ఏడ్చిన పిల్ల, రానురాను పక్కలో ఉన్న నాకే వినబడనట్టు మూలిగేది. నాకు భయం వేసింది. నేను పోయినా ఫరవాలేదు, అది బతికితే చాలనుకున్నాను. మళ్లీ నేను పోతే అదెలా బతుకుతుందని ఏడ్చేదాన్ని.

మా అత్త బుట్ట పట్టుకుని బయల్దేరింది. నేలతాడి వచ్చింది, తిప్పతీగ వచ్చింది, ఉసిరి, తేనె వచ్చాయి. పిల్లిపీచర గడ్డలు తనే తవ్వి తెచ్చి, పొట్టు తీసి ఎండబెట్టింది. బుట్ట వెళ్లని ఇల్లు ఒక్కటే.

"మరి నల్లజీడి, అత్తా?" అన్నాను.

"ఉంది. నువ్వు నోరు మూసుకుని తొంగో," అంది.

ఎక్కడుందో నాకు తర్వాత తెలిసింది. తనే కొండెక్కి, చెట్టు కింద రాలిన గింజలు ఏరి తెచ్చింది. రత్నాలు పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచీ చూసింది కదా, ఆపాటి తనకు రాదా అనుకుంది. బూడిదలో తోమింది, నీళ్లలో కడిగింది, రాతి మీద నలగ్గొట్టింది. పక్కన కూర్చుని చూసిన అన్నేళ్లూ ఆవిడ కళ్లు గింజల మీద లేవు, కబుర్ల మీద ఉన్నాయి. అది మాత్రం ఆవిడకు తోచలేదు.

ఆ వంట ఇప్పటికీ నా ముక్కులో ఉంది. గడ్డల పొడి కుండలో తిరుగుతుంటే కమ్మటి వాసన, తిప్పతీగ పడగానే చేదు ఆవిరి, చివర తేనె పోస్తే ఇల్లంతా అడవి పూసినట్టు అయింది. నేను చాప మీద పడుకుని, దాన్ని పీల్చుకుంటూ, ఇక బతికాంలే అనుకున్నాను. అత్త చేతులకు గుడ్డ చుట్టుకుని తెడ్డు తిప్పుతోంది. చలికి కాబోలు అనుకున్నాను.

వండినవాళ్లు మొదటి ముద్ద తినాలి. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఆగి, అప్పుడు రోగికి పెట్టాలి. అది మందుకున్న కట్టుబాటు. అత్త పొద్దున్నే తన ముద్ద తిని, కుండ మీద మూత పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపటికి నీళ్లు తాగింది. మళ్లీ తాగింది. నేను తలతిప్పి చూసేసరికి పెదవులు ఉబ్బి, కళ్లు పూడుకుపోయి, మొహం సొరకాయంత అయింది. చేతుల గుడ్డ జారిపోయింది. మోచేతుల దాకా నీరుపట్టిన బొబ్బలు.

"అత్తా! ఏటి తిన్నావు? నల్లజీడి ఎవులు శుద్ధి సేసేరు?"

ఆవిడ మూత పెట్టిన కుండను కాలితో నాకు దూరంగా నెట్టింది. ఆ ముద్ద నా నోట్లో పడి ఉంటే అప్పుడున్న ఒంటికి నేను బతికేదాన్ని కాదు.

పురుడు తీరనిదే బాలింత గడప దాటకూడదు. దాటాను. పిల్లను గుడ్డలో కట్టుకుని, కంచె కర్రలు పట్టుకుంటూ, ఆగుతూ ఆగుతూ రత్నాలు ఇంటికి చేరాను. ఆవిడ చోళ్లు విసురుతోంది. నన్ను చూసి తిరగలి వదిలేసింది.

"సిన్నత్తా, మాయత్త నల్లజీడి తినీసింది. తనే వండుకుని తనే తినీసింది," అన్నాను.

"ఓలమ్మో! ఎంత పని సేసింది!" అని లేచింది. "నువ్వెందుకొచ్చినావే, పచ్చి ఒంటితోటి? కూకో! కాదు, పద! ఒలే, ఆ గుంటని ఇలాగియ్యి!" ఒక చంకన నా పిల్ల, ఒక చేతిలో వలిసెనూనె బుడ్డి, దారిలో దూసిన చింతాకు కొంగులో. నన్ను భుజానికి ఆనించుకుని మా ఇంటికి తెచ్చింది. దారి పొడుగునా మా అత్తను తిట్టిన తిట్లు నేనిక్కడ చెప్పను.

గొంతు వినబడగానే మా అత్త గోడవైపు తిరిగిపోయింది. రత్నాలు చింతాకు ముద్ద నూరి ఎదురుగా చతికిలబడింది.

"నోరిప్పు."

అత్త ఇప్పలేదు.

"ఆ పండగనాడు నన్ను పేరెట్టి పిల్సినప్పుడు ఎంత పెద్దగా ఇప్పినావు! ఇప్పుడేటొచ్చింది రోగం? ఇప్పు!"

అత్త కదల్లేదు. రత్నాలు చింతాకు ముద్ద పక్కన పెట్టింది. ఆవిడ గొంతు మారిపోయింది.

"గుంట పుట్టిన్నాడే నాను విన్నాను ఏడుపు. ఆ రోజే గింజలు శుద్ధికి ఎట్టినాను. సొరబుర్రలో పోసి, గుమ్మం పక్కనే ఎట్టుకుని కూకున్నాను. దినామూ నీ బుట్ట వత్తాదని సూసినాను. ఇల్లిల్లూ తిరిగినావు, నా గడప ముందునుంచే ఎలిపోనావు. అడక్కుండా ఎలాగియ్యనే? నువ్వు పెంకిదానివని నాకు తెల్దేటి? ఇంత పెంకిదానివని తెల్దు."

అత్త చెయ్యి వెనక్కి తడుముకుంటూ వచ్చింది. మూలనున్న ఖాళీ బుట్ట దొరికింది. దాన్ని రత్నాలు ముందుకు తోసి, ఉబ్బిన పెదవులతో ఎలాగో ఒక్క మాట కూడదీసుకుని, "నేస్తం," అంది.

రత్నాలు భోరుమంది. ఏడుస్తూనే మొహానికి నూనె రాసింది, ఏడుస్తూనే చేతులకు చింతాకు పట్టువేసింది. మధ్యమధ్యలో మా అత్త మొహం చూసి నవ్వింది కూడా. చూస్తే ఎవరికైనా నవ్వొచ్చేలాగే ఉంది మరి.

పాత కుండను ఊరి బయట పాతిపెట్టి కొత్త కుండ ఎక్కించారు. తెడ్డు పట్టడానికి మా అత్తకు చేతుల్లేవు, చూడటానికి కళ్లూ లేవు. పక్కన కూర్చుని, "అడుగంటతంది, తిప్పు" అని వాసన బట్టి చెప్పేది. "నాకు సెప్పకు, నువ్వొండిన వంట సూసినాం గదా" అని రత్నాలు తిప్పేది. మొదటి ముద్ద రత్నాలే తింది. పొద్దు నెత్తికెక్కాక నాకు పెట్టింది. ముందు తీపి, తర్వాత చేదు, ఆ తర్వాత కడుపులో మెల్లగా వెచ్చదనం. దినమూ తిన్నాను. జ్వరం తగ్గింది, కాళ్లలో సత్తువ వచ్చింది. ఒక పొద్దున రవిక తడిసిపోయి మెలకువ వచ్చింది. పిల్ల తాగుతుంటే గుటకల చప్పుడు విని మా అత్త, "అబ్బో, దాని దుంపతెగ, ఎలా తాగతందో సూడు" అని మొహం తిప్పుకుంది. ఆవిడ ఏడవడం నాకు కనబడకూడదని తిప్పుకుందని నాకు తెలుసు.

పేరు పెట్టే రోజున దిసారి నన్ను అడిగాడు. కొంత కృతజ్ఞత, కొంత అల్లరి. నేను గట్టిగా, "రత్నాలు," అన్నాను.

రత్నాలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మా అత్త నావైపు చూసిన చూపుకు రాయి అయితే పగిలేది. ఆ పేరు ఆవిడ నోటితో అనకూడదు కదా! ఇక సొంత మనవరాలిని పిలవడమెలా? పేరు కుదిరిందో లేదో చూడటానికి దిసారి గింజలు నీళ్లలో వదిలాడు, గింజలు ఒప్పుకున్నాయి, అంతే. ఆనాటి నుంచి మా అత్తకు మనవరాలు 'గుంట'. గట్టు మీద నిలబడి "ఒలే గుంటా!" అని అరిస్తే ఊళ్లో ఆడపిల్లలందరూ పరుగెత్తుకొచ్చేవారు. "మీరు కారే, నా గుంట!" అని విసుక్కునేది. రత్నాలు దూరం నుంచి నవ్వి, "పేరెట్టి పిలూ నేస్తమా, బేగి వత్తాది" అని ఉడికించేది. నేనూ నవ్వుకునేదాన్ని. కోడలికి అత్త మీద అంతకన్నా గెలుపేం కావాలి?

పిల్ల నీళ్లకుండ నెత్తిన పెట్టుకునే ఈడు వచ్చింది. ఆ ఏటి వానల్లో రత్నాలుకు చలిజ్వరం వచ్చింది. మా అత్త ఖాళీ బుట్టతో ఊరంతా తిరిగింది, రత్నాలు గడపలోకి కూడా వెళ్లి ఆవిడ కోడళ్లను నల్లజీడి అడిగింది. వండింది, మొదటి ముద్ద తింది. పొద్దు నెత్తికెక్కే దాకా రత్నాలు ఆగలేదు.

సాగనంపి వచ్చి గెడ్డలో తలస్నానం చేసి, మా అత్త తడిజుట్టుతోనే అరుగు మీద కూర్చుంది. అంబలి ఇస్తే వద్దంది. పిల్ల వాకిట్లో చోళ్లు చెరుగుతోంది.

"రత్నాలూ," అంది మా అత్త.

పిల్ల చేట ఆపింది. ఆ గొంతుతో తన పేరు అది పుట్టాక ఎన్నడూ వినలేదు. ఎవరినో అనుకుని వెనక్కి చూసింది. తర్వాత నావైపు చూసింది. వెళ్లమని సైగ చేశాను.

"ఏటి, అవ్వా?" అంది దగ్గరికి వెళ్లి.

"ఏటీ నేదు. నాను పిలుత్తాను, నువ్వు పలుకు."

"ఊఁ."

"రత్నాలూ."

"ఊఁ."

"రత్నాలూ."

"ఊఁ, అవ్వా."

పొయ్యి దగ్గర అంబలి పొంగుతోంది, నేను లేచి దించలేదు. ఆ పేరు మా అత్త నోట ఇంతకుముందు ఒకేసారి విన్నాను, పండగనాడు, కోపంతో. దాచుకున్నదంతా ఇప్పుడు మెల్లగా, మెత్తగా, తనివితీరా పిలుచుకుంటోంది. పొద్దు వాలేదాకా ఆవిడ పిలుస్తూనే ఉంది, నా కూతురు పలుకుతూనే ఉంది.