మూగ సీరియల్‌కి మాట సాయం

అత్తగారి చెవి మిషను రిపేరుకి వెళ్లి మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ మధ్యాహ్నం ఒంటిగంట సీరియల్‌కి కోడలే నోరు.

తెర మీద పెదాలు కదులుతుంటే, అత్తగారి కుడి చెవి దగ్గర కూర్చుని వాళ్లేమంటున్నారో గట్టిగా చెప్పడం ఆమె పని. మొదటి రెండు రోజులూ నిజాయితీగానే చెప్పింది. కానీ ఆ సీరియల్లో మాటలెన్నని? చెంపదెబ్బ ఒక్కటి పడితే ఇంటిల్లిపాది ముఖాలూ మూడేసి సార్లు చూపిస్తారు. కోమాలో ఉన్న పిల్లకి కూడా లిప్‌స్టిక్ చెక్కుచెదరదు. మధ్యలో అత్తగారు "ఇప్పుడేమంటున్నారే?" అని మోచేత్తో పొడుస్తుంటే ఏం చెప్పాలి? ఖాళీ పూడ్చడానికి ఒకటీ అరా సొంత మాట కలిపింది. అలవాటైన చేతికి కొలతెక్కడిది?

మూడో వారానికల్లా, సీరియల్లో కోడలి మీద నిప్పులు చెరిగే ఆ అత్త బంగారుతల్లి అయిపోయింది.

"పళ్లు కొరుకుతోందేమిటే?"

"'పొద్దున్నుంచీ చాకిరీ చేశావు, గంటసేపు నడుం వాల్చకపోతే ఊరుకోను' అంటోంది అత్తయ్యా."

"ప్రేమ ఉన్నచోటే కోపం" అని అత్తగారు తలూపింది. మర్నాడు సీరియల్ అవగానే, "పోయి పడుకోవే. గిన్నెలెక్కడికీ పారిపోవు" అంది.

పదిహేనేళ్ల కాపురంలో ఆ మాట వినడం అదే మొదలు. ఆనాటి నుంచీ రెండింటికి పడుకుని మూడింటికి లేవడం కోడలికి హక్కయిపోయింది.

ఇవాళ పొద్దున భర్త మిషను తెచ్చి, ఏదో ఘనకార్యం చేసినట్టు తల్లి చేతిలో పెట్టి ఆఫీసుకి వెళ్లిపోయాడు.

ఒంటిగంట కావస్తుంటే కోడలు ఆఖరి ప్రయత్నం చేసింది. "రోజూ అదే ఏడుపెందుకు అత్తయ్యా? కొత్త సినిమా పెడతా. హీరో నలభైమందిని తంతాడు, చొక్కా ఇస్త్రీ నలగదు."

"నలభైమంది మూలుగులు వినడానికా మిషను బాగుచేయించుకుంది? సీరియలే పెట్టు."

పెట్టింది. బంగారుతల్లి నోరు తెరిచింది.

"పనిదొంగా! తిని పడుకోవడానికేనా ఈ ఇంటికొచ్చావు?"

కరెంటు పోతే బాగుండునని కోడలు ఫ్యాను వంక చూసింది. అది హాయిగా తిరుగుతోంది. అత్తగారు ఒకసారి మిషను సర్దుకుంది, ఒకసారి కోడలి వైపు చూసింది. ప్రకటనలన్నీ పూర్తయ్యాయి. అత్తగారు రిమోట్ అందుకుని టీవీ గొంతు నొక్కేసింది.

"ఇవాళ నేను చెబుతా. నువ్వు విను."

తెర మీద కోడలు కన్నీళ్లతో చేతులు జోడించింది.

"'అత్తయ్యా, డాక్టరు మీ కాఫీలో ఒక చెంచా పంచదార తగ్గించమంటే, నేను రెండూ తీసేశాను' అంటోంది. పాపం, ఎంత ఏడుస్తోందో చూడు."

డాక్టరు మొత్తం మానేయమన్నాడని తను చెప్పిన అబద్ధం మూడు నెలలుగా ఎవరికీ తెలియదనుకుంది. కోడలు నీరసంగా, "మరి అత్తేమంటోంది?" అని అడిగింది.

"ఉండవే, ముఖాలు చూపిస్తున్నారు." ముఖాలన్నీ మూడేసి సార్లు అయ్యాయి. "'ముందు కాఫీ పట్రా, నిద్ర సంగతి తర్వాత చూద్దాం' అంటోంది."

రెండు గంటలైంది. నడుం వాల్చాల్సిన వేళకి కోడలు వంటింట్లో పాలు కాచింది. కాఫీ కలిపి, ఒక్క చెంచా పంచదార వేసి, డబ్బా మూత పెట్టింది.

"మూత అప్పుడే పడిందేమిటే?" హాల్లోంచి అత్తగారి గొంతు.

కోడలు మళ్లీ మూత తీసింది.