మసి లేని ముఖం

దీపం మసో, కాల్చిన బెండు మసో, ఏదైతేనేం, నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లిష్ నాటకాల్లో తెల్ల నటులు నల్లవాడి వేషం కట్టడానికి ముఖాన పూసుకున్న ఆ మసి మీదే నవత పరిశోధన, ఇప్పుడు నస్పూర్ ఫోటో స్టూడియోలో, థీసిస్‌తో పాటు ఇవ్వాల్సిన ఫోటో కోసం స్టూలు మీద కూర్చున్నా అదే ఆలోచన, గడ్డం జర కిందికి మేడం అంటున్నాడు ఫోటోలు తీసే కొండల్, దించింది, మనసు మాత్రం మూడో అధ్యాయం మీదే ఉంది, అందులో బాపు ఉన్నాడు, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన దశరథం, ధర్మపురి దగ్గరి సొంతూళ్లో భాగోతం ఆడితే రాక్షసుడు ఎప్పుడూ ఆయనే, మనోనికి రంగు ఖర్చు లేదుర, బాయిల నుంచి సీదా తోల్కరాండ్రి అని మేళమంతా నవ్వితే అందరికన్నా గట్టిగా నవ్వింది బాపే, ఆ నవ్వుతోనే అధ్యాయం మొదలుపెట్టింది, అక్కడ పూసుకున్న నలుపు, ఇక్కడ పుట్టుకతో వచ్చిన నలుపు, రెండు చోట్లా రాక్షసుడు ఒక్కడే అని రాసింది, గైడు సుధాకర్ సార్ చదివి, ఇంటి ముచ్చట పరిశోధన ఎట్లయితదమ్మా, గా మసి తెల్లోళ్ల లొల్లి, మీ బాపును తీసేసి తే, లేకుంటే సంతకం పెట్టను అన్నాడు, పెట్టకపోనీ, తీయను, కరీంనగర్ నుంచి బస్సులో దారిపొడవునా అదే అనుకుంటూ వచ్చింది, తీయను, తీయను.

దశరథమన్నా, జర తెలుపు చెయ్యాల్నా, కొండల్ అడిగింది తనను కాదు, తలుపు దగ్గర ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ బాపును, చెయ్యి తమ్మీ, పెద్ద పెద్ద సార్లు జూస్తరు, వద్దనడానికి ఆమె నోరు తెరిచేలోపే కంప్యూటర్ తెర మీద నుదురు, చెంపలు, మెడ తెల్లబడ్డాయి, చెవులు మాత్రం నవతవే మిగిలాయి, బాపు వంగి చూసి మురిసిపోయాడు, గిప్పుడు డాక్టరమ్మ లెక్కున్నవ్ బిడ్డా, ఆ మురిపెంలోనే గొంతు తగ్గించి, గా పుస్తకంల నా రాక్షసుని ముచ్చట రాసినవంట, మీ అవ్వ చెప్పింది, తీసెయ్యి బిడ్డా, ఊళ్లె నవ్వింది సాలదా, సార్లు గూడ నవ్వాల్నా, నువ్వు గూడ నవ్వేటోనివి గద బాపు, నవ్వక ఏం జేస్తం బిడ్డా.

నవ్వక ఏం చేస్తం, రాస్తే బాపును మళ్లీ ఆ మేళం ముందు నిలబెట్టినట్టు, తీసేస్తే సార్ మాటే నిజమైనట్టు, మధ్యలో ఆమెకు జాగా ఎక్కడ, కొండల్ ఫోటోలు కత్తిరిస్తున్నాడు, అన్నీ తెల్లముఖాలే, చెయ్యి చాచి తీసుకుంది, ఇంటికి పోయి బాపు ఉన్న ఆ పేజీలు తీసేస్తుంది, ఆమెకు తెలుసు, ఆ నాటకాల వాళ్లు ఆట అయిపోగానే మసి కడుక్కుని ఇళ్లకు పోయారు, కడుక్కోవడానికి బాపు ముఖాన మసే లేదు, ఆట ఇంకా అయిపోనూ లేదు.