పంక్తి చివరి చుక్క

“సివికస్, కామా, సివికా, కామా, సివికమ్, ఫుల్‌స్టాప్.” కాపీ చదివే అమ్మాయి నిఘంటువు రాతప్రతి చూసి పైకి చదువుతోంది. ఎదురుగా ప్రూఫ్ రీడర్ మెడ వంచి, అచ్చుకాగితం మీద వేలు జరుపుతూ వింటున్నాడు. పంక్తి సరిపోగానే దాని చివర సూదిమొనంత ఎర్రచుక్క పెడతాడు. ముప్పైనాలుగేళ్లుగా అంతే. చుక్క లేని పంక్తి అతనికి చదవని పంక్తి.

“లాటిన్ విశేషణం. పౌరునికి చెందిన. పక్కనున్న నామవాచకం ఏ లింగమైతే తానూ ఆ లింగమే, ఏ వచనమైతే ఆ వచనమే.” అమ్మాయి తలెత్తి నవ్వింది. “అచ్చం నీలాగే బాబాయ్. నీ మాట వింటే ఎవరైనా పరాయివాడంటారా?”

“ఆ మాటకి నిఘంటువులోనైనా చోటుందిలే. చదువు.”

రెండేళ్లప్పుడు తల్లి చంకలో సరిహద్దు దాటాడు. ఇప్పుడు యాభై ఎనిమిది. పౌరసత్వానికి పెట్టిన మూడో దరఖాస్తుకు ఈ వారమే జవాబు రావాలి. ఇదీ కాదంటే దేశం విడవాల్సిందే. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా అతని వేలు ఆగుతోంది.

“పౌరకిరీటం, కోలన్, యుద్ధంలో తోటి పౌరుణ్ణి కాపాడినవాడికిచ్చే ఓక్ ఆకుల దండ. మరి కాపాడింది పౌరుడు కానివాణ్ణయితే?”

“దండా లేదు, దండమూ లేదు.”

నాలుగింటికి పౌరసత్వ కార్యాలయం నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన ఫైలు తెరిచి అతని దరఖాస్తు చూపించాడు. పదకొండు పేజీలు. ప్రతి పంక్తి చివరా ఎర్రచుక్క.

“ఏంటివి? పత్రం మీద గుర్తులుంటే చెల్లదని తెలీదా?”

“చదివానని గుర్తండీ. చెయ్యి అలవాటు.”

“మిమ్మల్ని చదవమన్నదెవరు? నింపి సంతకం పెట్టమన్నాం. మళ్లీ పెట్టుకునే గడువు నిన్నటితో సరి. పదండి.”

“చుక్కలు పెట్టాడని మనిషిని గెంటేస్తారా సార్?” అమ్మాయి లేచి నిలబడింది.

“నువ్వు కూర్చోమ్మా.”

“ఇంకో ఆరు పంక్తులున్నాయి,” అన్నాడు ప్రూఫ్ రీడర్. పెద్దాయన గడియారం చూసుకుని విసుగ్గా తలూపాడు.

అమ్మాయి చదివింది. ఒక్క కామా వదల్లేదు. అతను ఆరు చుక్కలూ పెట్టి, మడిచిన చొక్కా చేతులు దించి గుండీలు పెట్టుకున్నాడు.

“రేపు వచ్చేవాడికి నెమ్మదిగా చదువు. నీకు తొందరెక్కువ.”

ఇద్దరి మధ్యా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ప్రెస్ యజమాని గదిలోంచి తల బయటపెట్టి పేజీ అయిందా అని అడిగాడు. అయిందని చెప్పిందామె.

కిటికీ గట్టు మీద, మధ్యాహ్నం అతను కడిగి బోర్లించిన టిఫిన్ గిన్నె అంచు ఇంకా తడిగానే ఉంది.