ఎత్తు మీద జారే గేరు

ముందు ఇంజన్ అరుపు వస్తుందా, ముందు బండి నెమ్మదిస్తుందా, అదే తేలలేదు శివజ్యోతికి, నిన్న బనగానపల్లె దారిలో ఎత్తు ఎక్కుతూ చెవి పెట్టి మరీ వింది, ఇంజన్ గొంతు పెంచింది, బండి మాత్రం ఆ గొడవ తనది కాదన్నట్టు నీలిగి, కాసేపటికి ఒక్క కుదుపుతో అందుకుంది, ఆటోమేటిక్ కారులో గేరు జారడమంటే ఇదేనట, జారితే జారింది, ఎందుకు జారుతోందో చెప్పకుండా జారడమేమిటి, ఈ ఆదివారం పొద్దున అదేదో కనుక్కోవాలనే ఊరి చుట్టూ తిప్పి బండిని బాగా వేడెక్కించి, భర్త ఉమామహేశ్వర నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీ ఆవరణలో ఆపి, ఇంజన్ ఆపకుండానే దిగింది, పోలియో సోకిన ఎడమ కాలిని చేత్తో సర్దుకుని బానెట్ ఎత్తింది, కారు కొనే బేరగాడు మధ్యాహ్నం వస్తాడు, గేరు బాక్సు పోయిండాదిలే జ్యోతీ, వచ్చిన కాడికి ఇచ్చేద్దాం, నిన్ను నేను దింపనా ఏమి అన్నాడు ఆయన, దింపుతాడు, మంచివాడే, తయారై గడప దగ్గర కూర్చుని ఆయన స్నానం ఎప్పుడవుతుందా అని ఎదురుచూడాల్సింది మాత్రం తను, ఈ కారు కొన్న రోజు నుంచి ఆ ఎదురుచూపు లేదు, ఆసుపత్రి ల్యాబుకు తనంతట తను పోయి తనంతట తను వస్తోంది, క్లచ్ తొక్కే పని లేని బండి కాబట్టి కుడి కాలు ఒక్కటే చాలు.

ఆ కుడి కాలి సంగతే ఎవరికీ చెప్పలేదు, నీ కాలు సరిగ్గా నొక్కుతాండాదా అని ఉమామహేశ్వర ఏదో మాటవరసకు అడిగాడు, ఆ మాట రాత్రంతా గుచ్చింది, చిన్నప్పటి నుంచి రెండు కాళ్ళ పని ఒక్కటే చేస్తోంది, అలసిపోదా, తొక్కాననుకున్నంత తొక్కడం లేదేమో, ఎత్తు దగ్గర పట్టు వదిలేస్తోందేమో, చెప్పులు మార్చింది, సీటు ముందుకు జరిపింది, మంచం మీద కూర్చుని పాదంతో గోడను నొక్కి చూసుకుంది, బలం ఉన్నట్టే ఉంది, లేనట్టూ ఉంది, అమ్మేద్దాం అనగానే సరే అన్నది అందుకే, బండి పోయిందంటే కాలు పోయిందని ఒప్పుకోనక్కర్లేదు కదా.

అయినా చూడకుండా ఎలా అమ్మడం, పొద్దంతా నెత్తురు చుక్కలు చూసి రోగం చెప్పే మనిషి, గేరు బాక్సులోంచి నూనె కొలిచే గేజి కడ్డీ లాగి కొసన ఉన్న నూనెను తెల్ల దూది మీద అద్దింది, మాడిన వాసన వస్తే లోపలి పట్టీలు కాలిపోయినట్టే, ఇక ఆశ లేదు, ముక్కు దగ్గరికి తెచ్చుకోవడానికి భయమేసింది, పరీక్ష ఫలితం కోసం వచ్చిన వాళ్ళు కిటికీ దగ్గర ఎందుకు నీళ్ళు నములుతారో ఇప్పుడు తెలిసింది, వాసన చూసింది, మాడలేదు, మళ్ళీ చూసింది, మాడలేదు, కానీ రంగేమిటి ఇలా ఉంది, ఎర్రగా ఉండాల్సింది తేనె రంగుకు తిరిగింది, నిండా బుడగలు, నూనె గీత దాటి బాగా పైకి ఉంది, తగ్గాల్సిన నూనె పెరగడమేమిటి, కడ్డీ తల మీద ఏ రకం నూనె పొయ్యాలో చెక్కి ఉంది, ఈ తేనె రంగు ఎక్కడ చూసింది, ఎదురుగా రాళ్ళెత్తే లోడర్, దాని పక్కన దానికి పోసే నూనె డ్రమ్ము, డ్రమ్ము మూతి చుట్టూ అదే రంగు.

గిడ్డన్నా, ఈ కారుకు నూనె ఏమన్నా పోసినావా అని లోడర్ నడిపే గిడ్డయ్యను అడిగింది, పోసినానమ్మా, ఆయుధపూజ నాడు అన్నాడు తలపాగా విప్పుతూ, ఆ రోజు యంత్రాలన్నీ కడిగి కుంకుమ పెట్టి, ఒక్కోదానికి ఇంత కొత్త నూనె పొయ్యడం మామగారి కాలం నుంచి ఈ ఫ్యాక్టరీ ఆచారం, పండగ పూట ఏ యంత్రమూ పస్తుండకూడదు, అన్నిటికీ పోసి నీ బండిని వదిలిపెడితే బాగుంటాదా, లోడర్‌కీ క్లచ్ లేదు, దీనికీ లేదు, అదీ ఇదీ ఒకటేలే అనుకుంటి, చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ కనపడె, శానానే పోస్తి, ఏమమ్మా తప్పాయనా అన్నాడు, ఆ ముఖం చూస్తే కోపం రాలేదు, నవ్వొచ్చింది, తన బండిని కూడా ఇంటి యంత్రాల్లో కలుపుకుని పెట్టిన నైవేద్యం కదా, ఏం కాదులే గిడ్డన్నా, మొత్తం దించి కడిగి దీని నూనె దీనికి పోస్తే సరిపోతుందేమో, కర్నూలు నుంచి తెప్పిస్తా అంది.

అంటూనే లెక్క కుదిరింది, దసరా తర్వాతే కదా జారడం మొదలైంది, నూనె ఎక్కువై నురగ కట్టి, అదీ వేరే నూనె, పట్టు దొరక్క జారింది, మరి అన్నిటికన్నా ముందు తను దేన్ని అనుమానించింది, బండినా, నూనెనా, కాదు, తన కాలినే, ఇంట్లో గ్లాసు పగిలినా, మెట్టు మీద నీళ్ళు ఒలికినా ముందు తన కాళ్ళకేసే చూసుకునేది, ఎవరూ అనకముందే తప్పు తన ఒంటి మీద వేసుకునేది, ఆ అలవాటుతోనే ఇంకాసేపట్లో బండిని కూడా అమ్ముకోబోయింది, ఉమామహేశ్వరకు ఫోన్ కలిపి, బేరగాణ్ణి రావద్దని చెప్పప్పా అంది, ఎందుకని ఆయన అడుగుతున్నాడు, జవాబు నూనె గురించే మొదలుపెట్టింది కానీ కళ్ళు నిండాయి, చెబుతూనే పాదాన్ని నేలకేసి గట్టిగా నొక్కి చూసుకుంది, కుడి కాలికి ఏమీ కాలేదు, ఇన్నాళ్ళూ అది సరిగ్గానే నొక్కుతోంది.