మోటారు మోతలో తేడా

నస్రీన్ బాపట్లలో ఎం.టెక్ చదువుతోంది. తండ్రి రహమతుల్లాకు తెనాలిలో మోటారు వైండింగ్ షాపు. తిరిగే మోటారు మోత విని లోపలి జబ్బేమిటో చెప్పేస్తాడని చుట్టుపక్కల ఊళ్ళలో ఆయనకు పేరు. ఆ విద్య యంత్రానికి నేర్పి తీరాలని కూతురి పట్టుదల.

మొదట వేల మోతలు రికార్డు చేసి, పెద్ద ఏఐ మోడల్‌కు నేర్పింది. కాలేజీలో భేషుగ్గా పనిచేసిన ఆ మోడల్ రేపల్లెలో వెంకట్రామయ్య ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళేసరికి చతికిలబడింది. అది నడవాలంటే ఎక్కడో ఉన్న సర్వర్ అందాలి. ఆ రేకుల షెడ్డులో సిగ్నలే లేదు.

“మోటారులో నువ్వు ఏం వింటావు నాన్నా?” అని ఆదివారం షాపులో అడిగింది.

“మోతంతా ఎవరు వింటారమ్మా? అది చెవిన పడతానే ఉంటది. ఎక్కడన్నా తేడా వచ్చిందా, అప్పుడు చెవి అటు పోద్ది.”

మెదడులో నాడీకణాల పనీ అంతేనని ఆమె చదివింది. మార్పు తగిలితే స్పందిస్తాయి, లేకుంటే ఊరుకుంటాయి. అందుకే మెదడుకు అంత కొద్ది శక్తి సరిపోతుంది. పాత మోడల్‌ను పక్కన పెట్టి, ఆ తీరున పనిచేసే చిప్పుతో సబ్బుపెట్టె అంత పరికరం తయారుచేసింది. చిన్న బ్యాటరీ చాలు, సర్వర్ అక్కర్లేదు. తేడా పసిగడితే ఎర్రలైటు వెలిగే ఆ పెట్టెను ఐసు ఫ్యాక్టరీ మోటారుకు బిగించింది.

మొదటి వారమే దాని ఎర్రలైటు వెలిగింది. మోటారు విప్పితే లోపమేమీ లేదు. బయట ఆగిన లారీ అదురుకే అది బెదిరింది.

“ఇక చాలమ్మాయ్. పని ఆగిపోతోంది,” అన్నాడు వెంకట్రామయ్య.

“ఇంకొక్కసారి చూడనివ్వండి బాబాయ్ గారూ.”

మూడు వారాలు రోజూ అక్కడే కూర్చుని, లారీ అదురును లెక్కచేయకుండా ఉండడం దానికి నేర్పింది.

ఆ తర్వాత మళ్ళీ ఎర్రలైటు. ఈసారి వెంకట్రామయ్య రహమతుల్లాను పిలిపించాడు. ఆయన స్క్రూడ్రైవరు మోటారుకు ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు.

“నాకైతే బానే ఉందమ్మా.”

ఆ చెవి తప్పడం నస్రీన్ ఎన్నడూ ఎరగదు. అయినా వెనక్కి తగ్గలేదు.

“ఆపించండి బాబాయ్ గారూ. తప్పైతే ఇది తీసుకుని వెళ్ళిపోతాను.”

విప్పింది రహమతుల్లాయే. బేరింగును తుడిచి వెలుతురులో తిప్పాడు. లోపలి రింగు మీద వెంట్రుకవాసి పగులు. దాన్ని కూతురి చేతిలో పెట్టాడు.

“నాకు వినపడలా. దీనికెట్టా వినపడిందో నాకు చెప్పు.”

ఐసు దిమ్మల పక్కన బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. నస్రీన్ నోటుపుస్తకం తెరిచి మొదటి నుంచీ చెప్పసాగింది.